ఐస్ క్రీం తిప్పిన ముసలి ట్రాక్టరు

అనగా అనగా, మరీ పూర్వకాలంలో కాదు, మీ తాతగారు నిక్కర్లు వేసుకునే కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఉప్పు ఊరు ఉండేది. దాని పేరు కొటారుపాలెం. ఆ ఊళ్ళో జరిగిన అన్యాయం కథ ఇది. పిల్లలూ, ముందే చెబుతున్నాను. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. వచ్చినప్పుడు ఎవరూ అడ్డు రావద్దు. ఐస్ క్రీం కథే అయినా సరే, అన్యాయాన్ని చల్లగా చెప్పడం నాకు చేతకాదు.

కొటారుపాలెంలో పైరు లేదు, పచ్చిక లేదు. సముద్రపు నీటిని మళ్ళలోకి మళ్ళించి, ఎండబెట్టి, ఉప్పు తీయడమే అక్కడి పని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అంటారు కదా. ఆ ఊళ్ళో రోళ్ళతోబాటు మనుషుల పాదాలూ పగిలేవి. పగిలిన పాదాలతో ఉప్పులోనే నడవాలి. ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

ఆ ఊరికి ఒక రాజావారు ఉండేవారు. రాజ్యాలు పోయి చాలా కాలమైంది. ఆయనకు మిగిలినవి మూడే: ఉప్పు మళ్ళు, మీసాలు, తీర్పులు చెప్పే అలవాటు. ఎవరికి ఏ తగువు వచ్చినా దివాణం ముందు పందిరి కింద ఆయన కుర్చీ వేయించుకునేవారు. చెప్పింది వినడమే తప్ప ఎదురు మాట్లాడే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

దివాణంలో ఒక మంచి ఆనవాయితీ కూడా ఉండేది. లేదని నేననను, నిజం నిజమే. రోహిణి కార్తె మొదలైన రోజున ఉప్పు పని చేసే ప్రతి మనిషికీ కడుపునిండా ఏదో ఒక చల్లనిది పోసేవారు. ఒక ఏడు మజ్జిగ, ఒక ఏడు పానకం. ఏడాదంతా ఎండ తాగే నోళ్ళకు అదొక్కటే చలవ.

ఇక మన కోటిరత్నం దగ్గరికి వద్దాం. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. భర్త లేడు. అత్త నాంచారమ్మ ఉంది. అత్త పాలు కాచేది, కోడలు ఐస్ క్రీం చేసేది. చేపల రేవు నుంచి ఊకలో చుట్టిన ఐసు దిమ్మలు వచ్చేవి. వాటిని పగలగొట్టి, చెక్క పీపాలో వేసి, ఉప్పు చల్లి, ఆ ఐసు మధ్యలో చిక్కటి పాలు నింపిన రేకు డబ్బా దించాలి. పీపాకు పక్కన ఒక పిడి ఉంటుంది. ఆ పిడిని ఆపకుండా తిప్పాలి. తిప్పగా తిప్పగా పాలు గడ్డకట్టి ఐస్ క్రీం అవుతుంది. ఐసుకు ఉప్పు తగిలితే చలి రెట్టింపవుతుందని ఉప్పు ఊరి ఆడదానికి ఒకరు చెప్పాలా?

రోజుకు ఎనిమిది పీపాలు. పీపాకు తొమ్మిది వందల తిప్పులు. ఇరవై ఏళ్ళు అలా తిప్పింది. ఒకనాడు కుడి భుజం లేవనంది. వైద్యుడు వచ్చి నొక్కి చూశాడు.

"ఇంకో రెండు ఎండాకాలాలు తిప్పావంటే, ఈ చేత్తో అన్నం కూడా కలుపుకోలేవమ్మా," అన్నాడు.

తిప్పితే చెయ్యి పోతుంది. తిప్పకపోతే ఇద్దరి కడుపూ కాలుతుంది. కోటిరత్నం ఆ రోజంతా పెరట్లో కూర్చుని ఆలోచించింది. ఆ పెరట్లో ఒక ట్రాక్టరు ఉంది.

ఉప్పు ఊళ్ళో ట్రాక్టరేమిటని మీరు అడగాలి. అడగకపోయినా చెబుతాను. ఇప్పటి రాజావారి తండ్రి, పెద్ద రాజావారు, ఎవరి మాటా వినకుండా సముద్రాలవతలి సీమ నుంచి ఓడలో దాన్ని తెప్పించారు. గడ్డిపోచ మొలవని ఉప్పు నేలను దున్నుతారట! అది ఒక్క చాలు కూడా దున్నలేదు. మొదటి రోజే బురదలో దిగబడితే ఆరు ఎడ్లు కట్టి లాగారు. తర్వాత దాన్ని తుడుచుకుంటూ, నూనె పెట్టుకుంటూ, అప్పుడప్పుడూ నడిపి చూస్తూ పదిహేనేళ్ళు కాపాడినవాడు పేరయ్య. కోటిరత్నం తండ్రి ఆ పేరయ్యే.

ఒక రోహిణి పండుగనాడు ఊరంతా పానకం తాగుతుండగా పెద్ద రాజావారు లేచి నిలబడ్డారు.

"పేరయ్యా, దీన్ని నాకన్నా నువ్వే బాగా చూసుకున్నావు. ఈనాటి నుంచి ఈ బండి నీది. నీ తర్వాత నీ పిల్లది," అన్నారు.

ఊరంతా విన్నది, చప్పట్లు కొట్టింది. కాగితం మాత్రం ఎవరూ రాయలేదు. రాజుగారి మాటే కాగితం అనుకునే అమాయకపు రోజులవి.

పేరయ్య పోయాడు. ట్రాక్టరు కూతురి పెరట్లోకి చేరి కోళ్ళకు నీడగా మిగిలింది. ఇన్నేళ్ళకు కోటిరత్నం దాని తుప్పు గోకింది, నూనె పోసింది. అది పాతకాలపు మొండి బండి. ముందు దాని మూతి కింద దీపం పెట్టి ఎర్రగా కాల్చాలి. తర్వాత పక్కనున్న పెద్ద చక్రాన్ని పట్టుకుని ఒక్క ఊపు ఊపాలి. అప్పుడుగానీ లేవదు. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి చూసిందంతా ఆమెకు గుర్తుంది. ఎడమ చేత్తో ఊపింది. బండి దగ్గింది, పొగ కక్కింది, లేచింది. టప్పు టప్పు టప్పు!

పీపాకున్న పిడి తీయించి, కమ్మరి చేత అది ఉన్న ఇరుసుకు ఎద్దుబండి చక్రం బిగింపించింది. పిండిమర వాళ్ళు పారేసిన బెల్టు తెచ్చి ట్రాక్టరుకూ ఈ చక్రానికీ తగిలించింది. ఊరంతా వింత చూడ్డానికి వచ్చింది. అందరికన్నా ముందు వచ్చినవాడు షర్బతు దుకాణం పానకాలరావు.

"ఏందమ్మా కోటిరత్నం, ఏనుగును తెచ్చి వక్క పగలగొట్టిస్తన్నావా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

మొదటిసారి పీపాను నేలకు గట్టిగా కట్టలేదు. అది లేచి గంతేసింది. పాలన్నీ వెళ్ళి నవ్వేవాళ్ళ మీద పడ్డాయి. నాకైతే ఆ సంగతి భలే ఇష్టం. రెండోసారి ఉప్పుగాలి తేమకు బెల్టు జారిపోయింది. దానికి గుగ్గిలం రాసింది. మూడోసారి తిరిగింది.

మామూలుగా నీతి కథల్లో నక్కలు మాట్లాడతాయి, కాకులు మాట్లాడతాయి. ఈ కథలో ట్రాక్టరు మాట్లాడదు. కానీ చప్పుడు చేస్తుంది. పాలు పల్చగా ఉన్నంతసేపూ టప్పు టప్పుమని తేలిగ్గా కొట్టుకుంటుంది. పాలు బిగిసేకొద్దీ దానికి బరువు తగులుతుంది. అప్పుడు చప్పుడు లోతుకు దిగి, డుబ్బు... డుబ్బు... అంటుంది. ఆ రెండో డుబ్బు దగ్గరే కర్రతో బెల్టును పక్కకు నెట్టాలి. ముందు నెడితే పాలు, వెనక నెడితే బండరాయి. కోటిరత్నం కళ్ళు మూసుకుని, పీపా పక్కన కూర్చుని, ఆ చప్పుడు వినేది. ఇరవై ఏళ్ళు ఆ బిగువును భుజంతో తెలుసుకుంది కాబట్టి, ఇప్పుడు చెవితో తెలుసుకోగలిగింది.

ఎంత మెత్తటి ఐస్ క్రీం! మోదుగాకు దొప్పల్లో వేసి ఇస్తే, ఉప్పు మళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నాలుక మీద పెట్టుకుని, అది కరిగేదాకా మింగేవాళ్ళు కాదు. ఆమె భుజం నొప్పి తగ్గింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ రెండు పూటలా తిన్నారు.

ఇది చూసి పానకాలరావు ఓర్చుకోలేకపోయాడు. ఎండాకాలం వచ్చినా తన షర్బతు అడిగేవాడు లేడు. మర్నాడే దివాణానికి వెళ్ళి రాజావారికి దండం పెట్టాడు.

"తమ తండ్రిగారి కాలం నాటి పాత ఇనప సామానంతా నాకు అమ్మండి," అన్నాడు. రాజావారు సరేనని పాత జాబితా ఒకటి తీయించి సంతకం పెట్టారు. ఆ జాబితాలో ఏడో వరసలో ట్రాక్టరు ఉంది. పానకాలరావుకు కావలసింది ఆ ఏడో వరసే.

ఆ కాగితం చూపించి ట్రాక్టరు నాదనేసరికి, పందిరి కింద పంచాయితీ జరిగింది. ఇప్పుడే నాకు కోపం మొదలవుతుంది, వినండి.

"దొరా, పెద్ద రాజావారు మా నాయనకిచ్చారు. ఊరంతా విన్నది," అంది కోటిరత్నం.

"ఎవరు విన్నారే? పిలు," అన్నారు రాజావారు.

ఆమె మొదట కరణంగారిని పిలిచింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "విన్నట్టే ఉంది, విననట్టే ఉంది. వయసు మీద పడింది కదమ్మా," అన్నాడు.

రెండోసారి బడిపంతులుగారిని పిలిచింది. ప్రతిరోజూ పిల్లలకు సత్యం పలకవలెను అని పలక మీద రాయించే పంతులు! ఆయన, "ఆ రోజు నేను పానకం బిందెల వైపు తిరిగి ఉన్నాను. మాట వెనక నుంచి వచ్చింది," అన్నాడు.

మూడోసారి ఉప్పు కొలిచే మేస్త్రీని పిలిచింది. అతను నేల చూపులు చూస్తూ, "నా కుడిచెవి అంత బాగా వినపడదు," అన్నాడు. ఉప్పు రాశి అవతల ఎవరైనా గుసగుసలాడితే పట్టేసే చెవి అది!

ముగ్గురూ ఆ వారం ఆమె ఐస్ క్రీం తిన్నవాళ్ళే. కరణంగారు రెండు దొప్పలు తిన్నాడు. తిన్న నోటితో, ఇవ్వలేదని అబద్ధం కూడా ఆడలేదు, చూశారా? నిజాన్ని అలా పక్కన పెట్టి కూర్చున్నారంతే. అబద్ధమాడేవాణ్ణి నిలదీయవచ్చు. ఇలాంటివాళ్ళను ఏం చేస్తాం?

రాజావారు మీసం దువ్వారు.

"కాగితం ఉన్నవాడిదే బండి. బండి ఎవరిదైతే ఐస్ క్రీమూ వాడిదే. ఎంతైనా, తిప్పేది ట్రాక్టరే కదా! నువ్వు ఊరికే పక్కన కూర్చునే దానివి," అన్నారు. "ఈ ఏడు రోహిణి పండుగకు దివాణంలో ఐస్ క్రీం పానకాలరావే పోస్తాడు."

ఊరికే కూర్చునేదట! ఎండలో ఒక్క బస్తా ఎత్తనివాడు, ఒక్క పీపా తిప్పనివాడు, ఆ మాట అన్నాడు. అని, కుర్చీలోంచి లేచి భోజనానికి వెళ్ళాడు.

ట్రాక్టరును ఎడ్లు కట్టి లాక్కెళ్ళారు. నాంచారమ్మ వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసింది. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదురా! చూస్తా ఉండండి!" అని ఆ ముగ్గురి ఇళ్ళ ముందూ అరిచింది. కోటిరత్నం మాత్రం ఇంట్లోకి వెళ్ళింది. పీపాకు పాత పిడి బిగించుకుని, లేవని చేత్తో మళ్ళీ తిప్పసాగింది.

రోహిణి కార్తె వచ్చింది. తెల్లవారకముందే ఉప్పు పనివాళ్ళంతా దివాణం ముందు వరస కట్టారు. ఈ ఏడు ఐస్ క్రీమట! రాజావారు కుర్చీలో కూర్చున్నారు. పానకాలరావు పట్నం నుంచి తెప్పించిన పెద్ద ఇత్తడి పీపాతో, కొత్త కండువాతో, ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు.

మొదటి పీపా. "కోటిరత్నం ఎంత మెల్లగా తిప్పేదో! మనం వేగంగా తిప్పుదాం," అని పూర్తి వేగం పెట్టాడు. పాలు చల్లబడేలోపే చిలికిపోయాయి. మూత తీస్తే పైన నీళ్ళ పాలు, నడుమ పెద్ద వెన్నముద్ద.

వరసలో ముందు నిలబడిన సాలమ్మ ఆ ముద్దను చేతిలోకి తీసుకుని చూసింది. "దొరా, దీన్ని తినమంటారా, కాళ్ళ పగుళ్ళకు రాసుకోమంటారా?" అంది.

రెండో పీపా. ఈసారి గడియారం పెట్టుకున్నాడు. కోటిరత్నం అరగంట తిప్పేదని ఎవరో చెప్పారు. సరిగ్గా అరగంటకు ఆపాడు. పొద్దుటికీ, ఎండ ముదిరిన తర్వాతకీ ఐసు ఒకలాగే ఉంటుందా? మూత తీస్తే గడ్డకట్టని పాలు.

మూడో పీపా. ఇక భయంకొద్దీ ఆపనేలేదు. ట్రాక్టరు పాపం చెప్పింది, డుబ్బు అని. మళ్ళీ చెప్పింది. ఎవరి మాటా వినని మనిషి ట్రాక్టరు మాట వింటాడా? పాలు రాయిలా బిగిశాయి. లోపల పాలు కలిపే రెక్క విరిగింది, డబ్బా చీలింది, ఉప్పునీళ్ళన్నీ పాలలో కలిశాయి. ఏడాదంతా ఉప్పులో బతికేవాళ్ళకు పండుగ పూట కూడా ఉప్పే.

మధ్యాహ్నమైంది. జనం ఎండలో నిలబడే ఉన్నారు. వందేళ్ళ ఆనవాయితీలో దివాణం నుంచి ఒక్కడు కూడా దప్పికతో వెళ్ళలేదు. ఈ రోజు మజ్జిగ కూడా కలపలేదు. పాలన్నీ పానకాలరావే పాడుచేశాడు. రాజావారి మొహం మాడిపోయింది. కోటిరత్నాన్ని పిలుచుకురమ్మని మనిషిని పంపారు.

"పోబాకే రత్నం! తగలబడనీ!" అంది నాంచారమ్మ.

"వాళ్ళ కోసం కాదత్తా. సాలమ్మోళ్ళు పొద్దుట్నుంచీ ఎండలో నిలబడున్నారు," అంది కోటిరత్నం. తన చెక్క పీపా, దానికి బిగించే చక్రం, తన ఐసు, తన పాలు తోపుడు బండి మీద పెట్టుకుని బయల్దేరింది.

"రా అమ్మా, రా! చేసి పెట్టు. ఏం అడిగితే అది ఇస్తాను," అన్నారు రాజావారు. పదిహేను రోజుల కింద ఇదే నోరు ఆమెను "ఎవరు విన్నారే?" అన్నది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు!

"నాకేం ఇవ్వద్దు దొరా. ఆ తీర్పు తీసేసి మళ్ళీ ఇవ్వండి," అంది ఆమె. "కాకపోతే అంతకుముందు, ఈ పిడి పట్టుకుని ఒక్క పీపా మీరు తిప్పాల. ట్రాక్టరు లేకుండా."

రాజావారికి కోపం వచ్చింది. "జనం దప్పికతో ఉంటే ఇప్పుడా ఈ ఆటలు?" అన్నారు.

సాలమ్మ వరసలోంచే గట్టిగా అంది. "మాకేం తొందర లేదు దొరా. ఏడాది ఆగినోళ్ళం, ఇంకో గంట ఆగలేమా? తిప్పండి."

"తిప్పండి, తిప్పండి," అన్నారు మిగిలినవాళ్ళు. ఆ ఊళ్ళో రాజావారికి ఎదురు మాట వినపడడం అదే మొదలు.

రాజావారు పిడి పట్టుకున్నారు. జనం లెక్కపెట్టారు. మొదటి వంద తిప్పులూ ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో మీసం దువ్వారు. రెండో వందకు మీసం సంగతి మరిచిపోయారు. మూడో వందకు తలపాగా జారింది, చెమట కళ్ళలోకి దిగింది. ఎడమ చేతికి మార్చబోయారు.

"చెయ్యి మార్చగూడదు దొరా. లయ తప్పితే గడ్డలు కడద్ది," అంది కోటిరత్నం.

మూడు వందలకు ఆయన పిడి వదిలేసి, మూత తీసి చూశారు. లోపల పాలు పాలలాగే ఉన్నాయి.

"ఇంకా ఎంత?"

"ఇప్పటికి మూడొంతుల్లో ఒక వంతయింది. పాలు బిగిసేకొద్దీ ఇంకా బరువెక్కుద్ది. ఇట్టాంటివి రోజుకు ఎనిమిది."

రాజావారు కుర్చీ కోసం వెతుక్కుని కూలబడ్డారు. కోటిరత్నం పందిరి వైపు చూసింది.

"సాక్షులు కూడా రండయ్యా," అంది.

కరణంగారు వచ్చి పిడి పట్టుకున్నాడు. నూరు తిప్పులకు వగర్చాడు. "ఇప్పుడు గుర్తొస్తోంది. పెద్ద రాజావారు పేరయ్యకే ఇచ్చారు. నేను అప్పుడు ముందు వరసలో కూర్చున్నాను," అన్నాడు.

తర్వాత పంతులుగారు. ఆయన యాభైకే ఆపాడు. "బిందెల వైపు తిరిగి ఉన్నా మాట మాత్రం స్పష్టంగానే వినపడింది. నీ తర్వాత నీ పిల్లది అన్నారు," అన్నాడు.

మేస్త్రీ పిడి మీద చెయ్యి వేశాడో లేదో, "ఇచ్చారు, ఇచ్చారు! రెండు చెవులతో విన్నాను!" అని అరిచాడు.

జనం పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాదు. భుజం నొప్పెడితే గుర్తొచ్చే నిజం, ఆమె భుజం నొప్పెట్టినప్పుడు ఎందుకు గుర్తు రాలేదు?

కోటిరత్నం కూడా నవ్వలేదు. ఆమె రాజావారి వైపే చూస్తోంది. ఆయన తల వంచుకున్నారు. చివరికి ఎవరూ అడగకుండానే నోరు విప్పారు.

"ఆ రోజు నాకు పన్నెండేళ్ళు," అన్నారు. "నాన్నగారి పక్కనే కూర్చున్నాను. ఆ మాట నేనూ విన్నాను."

చూశారా పిల్లలూ? ఎవరు విన్నారే అని అడిగినవాడే అందరికన్నా దగ్గరి సాక్షి! తెలియక తప్పు తీర్పు చెప్పినవాడిని క్షమించవచ్చు. అన్నీ తెలిసి, కుర్చీలో కూర్చుని, కాగితం వెనక దాక్కున్నవాడిని ఏమనాలి? నేను అనాలనుకున్న మాట పిల్లల ముందు అనకూడదు.

"బండి నీది," అన్నారు రాజావారు. "ఐస్ క్రీమూ నీది. ఇదే నా తీర్పు."

"కాగితం మీద రాయండి," అంది కోటిరత్నం. "మాట నమ్మి మా నాయన ఒకసారి చెడ్డాడు. ఇంకోసారి నేను చెడను."

కాగితం వచ్చింది. రాజావారి కుడిచెయ్యి వణికి సంతకం వానపాము పాకినట్టు వచ్చింది. దాని కింద సాక్షులు ముగ్గురూ మూలుగుతూ చేవ్రాళ్ళు చేశారు. కోటిరత్నం ఆ కాగితాన్ని అత్త చేతికిచ్చింది. నాంచారమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

అప్పుడు కోటిరత్నం ట్రాక్టరు మూతి కింద దీపం పెట్టింది. చక్రం ఊపింది. పీపాకున్న పిడి తీసి ఎద్దుబండి చక్రం బిగించి, బెల్టు తగిలించి, పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆ రోజు ఎవరూ ఆమెను ఊరికే కూర్చుందని అనలేదు. అంత జనమూ చప్పుడు లేకుండా నిలబడి, ఆమెతోబాటు ఇంజను చప్పుడు విన్నారు.

టప్పు టప్పు టప్పు. టప్పు టప్పు. డుబ్బు... డుబ్బు...

బెల్టు నెట్టింది. మూత తీసింది. మొదటి దొప్ప సాలమ్మకు ఇచ్చింది. ఆ తర్వాత వరసలో ఉన్న ప్రతి ఉప్పు కూలికీ ఇచ్చింది. పీపా తర్వాత పీపా, పొద్దు వాలేదాకా.

పానకాలరావు కొత్త కండువాతో మొహం కప్పుకుని జారుకోబోయాడు.

"యాడికయ్యా? నువ్వూ తిను. కాకపోతే వరస చివర నిలబడు," అంది కోటిరత్నం. నేనైతే పెట్టేదాన్ని కాదు. ఆమె పెట్టింది. ఆ వరస చివర పానకాలరావు, అతని ముందు మేస్త్రీ, పంతులు, కరణం. వాళ్ళందరికీ వెనక, ఎండలో, గొడుగు పట్టే మనిషి లేకుండా, రాజావారు.

ఆయన వంతు వచ్చేసరికి దొప్ప అందుకోవడానికి కుడిచెయ్యి పైకి లేవలేదు. ఎడమ చెయ్యి చాపారు.

ఇదీ కథ. నీతి ఏమిటంటే, పిల్లలూ: కష్టం ఎరగనివాడు ఎదుటివాడి కష్టం మీద తీర్పు చెప్పరాదు, తెలిసిన నిజాన్ని నోట్లో దాచుకున్న ప్రతివాడూ ఆ అన్యాయంలో భాగస్థుడే.